రంగు గుండు రోడ్డెక్కితే

పెయింట్‌బాల్ ఆడినవాళ్ళు మన క్యాంపస్‌లో చాలామందే ఉంటారు. హైదరాబాద్ చుట్టుపక్కల రిసార్టుల్లో, అడ్వెంచర్ పార్కుల్లో డబ్బులు కట్టి మరీ ఆడతారు. మాస్కు పెట్టుకుంటారు, ఒకళ్ళనొకళ్ళు రంగు గుళ్ళతో కొట్టుకుంటారు, ఒంటి మీద రూపాయి బిళ్ళంత మచ్చలతో నవ్వుకుంటూ బయటకి వస్తారు. ఎవరూ కేసు పెట్టరు, ఎవరికీ కోపం రాదు. అదే మనిషి అదే గన్ పట్టుకుని బైక్ మీద వెనక కూర్చుని, బస్సు కోసం నిలబడ్డ ఒక పెద్దాయన మీద పేలిస్తే? గన్ అదే, గుండు అదే, దెబ్బ కూడా అంతే. కానీ ఇప్పుడది నేరం. ఎందుకు?

ఈ ఏడాది ఫెస్ట్ ప్రోమో గురించి మాట్లాడుకుంటున్నప్పుడు ఈ ప్రశ్న నిజంగానే వచ్చింది. గేటు బయట మెయిన్ రోడ్డు మీద పెయింట్‌బాల్ గన్స్‌తో ఒక "ఎటాక్" రీల్ తీద్దాం, వచ్చేపోయేవాళ్ళ రియాక్షన్స్ రికార్డ్ చేద్దాం అని ఐడియా. "బొమ్మ గన్నే కదరా" అని సగం మంది. "పోలీసులు పట్టుకుంటారు" అని మిగతా సగం. ఏ చట్టం కింద పట్టుకుంటారు అంటే రెండు వైపులా సైలెన్స్. మన చట్టాలన్నీ ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఫ్రీగా దొరుకుతాయి. అందుకని కూర్చుని చదివాను. నేను లాయర్‌ని కాదు. కానీ చట్టం కూడా ఒకరకంగా ఇఫ్-ఎల్స్ రాసుకున్న ప్రోగ్రామే. ఓపిగ్గా చదివితే ఏ కండిషన్ ఎక్కడ ట్రూ అవుతుందో తెలుస్తుంది.

అసలు అది గన్నేనా?

ఆడేవాళ్ళు దాన్ని గన్ అనరు, మార్కర్ అంటారు. దానికి కారణం ఉంది. ఇది పుట్టింది ఆట కోసం కాదు. అమెరికాలో నెల్సన్ పెయింట్ కంపెనీ అడవుల్లో చెట్లకి, పశువులకి దూరం నుంచి రంగు గుర్తు పెట్టడానికి దీన్ని తయారు చేయించింది. 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని హెన్నికర్ అనే ఊరి దగ్గర 12 మంది స్నేహితులు వీటితో అడవిలో జెండాలు సేకరించే పోటీ పెట్టుకున్నారు. పెయింట్‌బాల్ ఆట అక్కడ మొదలైంది. తమాషా ఏంటంటే, ఆ మొదటి ఆట గెలిచినాయన అటవీ పనివాడు, ఒక్క గుండు కూడా పేల్చకుండా గెలిచాడు.

ఇప్పుడు కొంచెం ఫిజిక్స్. మామూలు పెయింట్‌బాల్ వ్యాసం 0.68 అంగుళం, అంటే సుమారు 17 మిల్లీమీటర్లు. బరువు 3 గ్రాముల దాకా. జెలటిన్ తొక్క, లోపల నీళ్ళతో కడిగితే పోయే రంగు. ఆట స్థలాల్లో వేగం సెకనుకి 300 అడుగులు దాటనివ్వరు. అది సుమారు 91 మీటర్లు, మన లెక్కలో గంటకి దాదాపు 329 కిలోమీటర్లు. హాఫ్ ఎమ్ వీ స్క్వేర్‌లో వేస్తే 12.4 జౌళ్ళు వస్తుంది. ఇది ఎంత? 160 గ్రాముల క్రికెట్ బంతి గంటకి 45 కిలోమీటర్ల వేగంతో వచ్చి తగిలితే ఉండే శక్తి. అంతేనా అనిపిస్తుంది. కానీ క్రికెట్ బంతి పెద్దది, మొహానికి తగిలినా కంటి చుట్టూ ఉన్న ఎముక చాలా దెబ్బ కాచుకుంటుంది. 17 మిల్లీమీటర్ల గుండు ఆ ఎముకల మధ్య నుంచి నేరుగా కనుగుడ్డుకే తగులుతుంది. కనుగుడ్డు పగలడం, రెటీనా ఊడిపోవడం లాంటి గాయాలు పెయింట్‌బాల్ వల్ల అయ్యాయని కంటి డాక్టర్లు ఎన్నోసార్లు రాశారు. ఒంటి మీద మచ్చ వారంలో పోతుంది. కన్ను పోతే తిరిగి రాదు. ఈ వ్యాసంలో మిగతాదంతా ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతుంది.

ఆయుధాల చట్టం ఏమంటుంది?

మన దేశంలో తుపాకులకి మూల చట్టం 1959 నాటి ఆయుధాల చట్టం. అందులో ఫైరార్మ్ అంటే ఏంటో సెక్షన్ 2 చెప్తుంది. మనం తుపాకీ అనగానే మందుగుండు అనుకుంటాం. చట్టం అక్కడితో ఆగలేదు. పేలుడు పదార్థం వల్ల గానీ "ఇతర రకాల శక్తి" వల్ల గానీ ఏ రకమైన గుండునైనా విసిరేలా తయారు చేసిన ఆయుధం ఫైరార్మ్ కిందకి వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, కంప్రెస్డ్ ఎయిర్ కూడా శక్తే. కాబట్టి "ఇందులో మందు లేదు సార్, గాలే" అనే డైలాగ్ ఇక్కడ పనిచెయ్యదు.

అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు కూడా ఉంది. బొమ్మగా తప్ప ఇంకెలాగూ వాడలేని, పనిచేసే ఆయుధంగా మార్చడానికి కూడా వీలుకాని వస్తువులు ఆయుధాలు కావు. తిరునాళ్ళలో కొనే రీలు తుపాకీ, నీళ్ళ పిచికారీ ఈ మినహాయింపులోకి హాయిగా వస్తాయి. పెయింట్‌బాల్ మార్కర్ అంత హాయిగా రాదు. ఆట కోసం చేసిందే, నిజమే. కానీ 12 జౌళ్ళతో గుండు విసిరే దాన్ని "బొమ్మగా తప్ప ఇంకెలాగూ వాడలేం" అని కోర్టులో నిలబడి చెప్పడం కష్టం.

2016 నాటి ఆయుధాల నిబంధనలు గాలి తుపాకుల్ని రెండుగా విడదీశాయి. గీత రెండు కొలతల దగ్గర ఉంది: 20 జౌళ్ళ శక్తి, 4.5 మిల్లీమీటర్ల గొట్టం. ఈ రెండూ దాటని ఎయిర్ గన్స్ మీద పట్టు తక్కువ, దాటినవాటి మీద ఎక్కువ. మన మార్కర్ శక్తిలో ఆ గీత కింద ఉంది. గొట్టం వెడల్పులో దాదాపు నాలుగు రెట్లు పైన ఉంది. అంటే "ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు కదా, దీనికీ అంతే" అనే కాపీ-పేస్ట్ లాజిక్ కుదరదు.

ఇదే చట్టంలో మన వయసు వాళ్ళకి సంబంధించినవి ఇంకో మూడు ఉన్నాయి.

ఒకటి, సెక్షన్ 9. 21 ఏళ్ళు నిండని వాళ్ళు ఫైరార్మ్ సంపాదించకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. షూటింగ్ శిక్షణ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. నాకు పంతొమ్మిది. మన క్లాసులో ఎక్కువమందికి అంతే. అంటే ఒక వస్తువు ఫైరార్మ్ అని తేలితే, లైసెన్స్ ప్రశ్న దాకా వెళ్ళకముందే మనం అవుట్.

రెండు, సెక్షన్ 6. తుపాకీలా కనిపించే నకిలీ వస్తువుని లైసెన్స్ లేకుండా నిజమైన ఫైరార్మ్‌గా మార్చడం నేరం. త్రీడీ ప్రింటర్ ఉంది, యూట్యూబ్ ఉంది, స్ప్రింగు మార్చి స్టీలు గుళ్ళు వేద్దాం అనుకునే మెకానికల్ బ్రదర్స్ దీన్ని ఒకసారి చదవాలి. మోడిఫికేషన్ మొదలైన క్షణం నుంచి అది ఆట వస్తువు కాదు.

మూడు, సెక్షన్ 25లో 2019 సవరణతో చేర్చిన భాగం. పెళ్ళిళ్ళు, ఊరేగింపుల్లో గాల్లోకి కాల్పులు జరిపే అలవాటు మీద తెచ్చింది. జనం గుమిగూడిన చోట, వేడుకల్లో, అజాగ్రత్తగా ఫైరార్మ్ వాడి మనుషుల ప్రాణానికి, భద్రతకి ప్రమాదం తెస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. "సంబరం కోసమే చేశాం" అనేది సాకు కాదు అని చట్టం రాసిపెట్టినట్టే.

గన్ కాదనుకున్నా తప్పించుకోలేం

సరే, వాదించి వాదించి అది ఫైరార్మ్ కాదని గెలిచాం అనుకుందాం. కథ అయిపోలేదు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఉంది. దానికి మన చేతిలో ఉన్నది గన్నా, గులకరాయా అన్నదానికంటే, దానితో మనం ఏం చేశాం అన్నది ముఖ్యం. మెట్టు మెట్టుగా చూద్దాం.

పేల్చలేదు, గురిపెట్టాం అంతే. అయినా సెక్షన్ 130 ఉంది. ఎదుటివాడు "నన్ను కొట్టబోతున్నాడు" అని భయపడేలా సైగ చేసినా, సిద్ధపడినా, దాన్ని అసాల్ట్ అంటారు. చట్టం ఇచ్చిన ఉదాహరణలో ఒకడు పిడికిలి చూపిస్తాడు, అంతే. పిడికిలికే అంత ఉంటే, నల్లగా మెరిసే గొట్టం మొహం మీదకి పెడితే? శిక్ష సెక్షన్ 131లో ఉంది. మూడు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

పేల్చాం, తగిలింది, మచ్చ పడింది. నొప్పి కలిగించడమే చట్టం దృష్టిలో గాయం, రక్తం రావక్కర్లేదు. సెక్షన్ 115 కింద ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. ఇక్కడితో ఆగుతుందని కూడా చెప్పలేం. సెక్షన్ 118లో "కాల్చడానికి ఉపయోగపడే సాధనం"తో గాయం చేస్తే అనే మాట ఉంది. అది వర్తిస్తే మూడేళ్ళ దాకా వెళ్తుంది.

కంటికి తగిలింది, చూపు పోయింది. ఒక కన్ను శాశ్వతంగా పోవడం కూడా సెక్షన్ 116లో తీవ్ర గాయాల జాబితాలో స్పష్టంగా ఉంది. అలాంటి గాయం అవ్వచ్చని తెలిసీ చేశారని తేలితే సెక్షన్ 117 కింద ఏడేళ్ళ దాకా జైలు. "తెలిసీ" అన్న మాట గమనించండి. ఆట స్థలంలో మాస్కు తియ్యొద్దని వందసార్లు చెప్పించుకున్న మనిషి, మాస్కు లేని మొహం మీద పేల్చి "నాకు తెలియదు" అంటే ఎవరు నమ్ముతారు?

కావాలని చెయ్యలేదు, గురి తప్పి తగిలింది. సెక్షన్ 125 దీని కోసమే ఉంది. దుడుకుతనంతో, నిర్లక్ష్యంతో ఇతరుల భద్రతకి ప్రమాదం తెస్తే, ఎవరికీ ఏమీ కాకపోయినా మూడు నెలల దాకా. గాయం అయితే ఆరు నెలల దాకా, తీవ్ర గాయం అయితే మూడేళ్ళ దాకా. స్కూటీ మీద వెళ్తున్నావిడ హెల్మెట్ అద్దం మీద రంగు పగిలి, ఏమీ కనపడక డివైడర్‌కి గుద్దుకుందనుకోండి. అప్పుడు మన గుండు చేసిన మచ్చ ఎంతన్నది ఎవరూ కొలవరు. ప్రాణమే పోతే సెక్షన్ 106 కింద అయిదేళ్ళ దాకా.

మనిషికి తగల్లేదు, కారుకి తగిలింది. ఆస్తి నష్టం సెక్షన్ 324 కిందకి వస్తుంది. రంగు కడిగితే పోతుంది గానీ పగిలిన అద్దం పోదు.

ఇక రీల్ తీసేవాళ్ళు తప్పకుండా చదవాల్సింది సెక్షన్ 3లోని అయిదో భాగం. కొంతమంది కలిసి ఒకే ఉద్దేశంతో నేరం చేస్తే, ఒక్కొక్కడూ మొత్తం తనే చేసినట్టు లెక్క. పేల్చినవాడే కాదు, బైక్ నడిపినవాడు, ఫోన్ పట్టుకుని వీడియో తీసినవాడు, "ఇప్పుడు కొట్టరా" అని చెప్పినవాడు అందరూ ఇందులో ఇరుక్కోవచ్చు. పైగా మామూలు కేసుల్లో పోలీసులు సాక్ష్యం కోసం వెతుక్కోవాలి. మనం హెచ్‌డీలో తీసి, మ్యూజిక్ వేసి, పేర్లు ట్యాగ్ చేసి మరీ ఇస్తాం.

మరి పార్కులో ఎందుకు తప్పు కాదు?

మొదటి ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెప్పొచ్చు. తేడా అంతా సమ్మతిలో ఉంది.

న్యాయ సంహిత సెక్షన్ 25 ప్రకారం, 18 ఏళ్ళు దాటిన మనిషి ఒప్పుకుని పాల్గొన్న పనిలో అతనికి హాని జరిగితే అది నేరం కాదు. షరతు ఏంటంటే, చావు గానీ తీవ్ర గాయం గానీ కలిగించే ఉద్దేశం ఉండకూడదు, కలగవచ్చని తెలిసి ఉండకూడదు. చట్టమే ఇచ్చిన ఉదాహరణ కత్తిసాము. ఇద్దరు సరదాకి ఆడదామని ఒప్పుకున్నారు, నియమాల ప్రకారం ఆడుతుంటే ఒకడికి దెబ్బ తగిలింది, రెండోవాడు నేరం చెయ్యలేదు. కబడ్డీ, బాక్సింగ్, పెయింట్‌బాల్ అన్నీ ఈ గొడుగు కిందే ఆడుకుంటున్నాం.

ఇది చదివాక నాకు మాస్కు విలువ వేరేలా అర్థమైంది. మాస్కు కంటికి రక్షణ మాత్రమే కాదు, మన సమ్మతిని చట్టం ముందు నిలబెట్టేది కూడా అదే. మాస్కు ఉంటే పెయింట్‌బాల్ దెబ్బ అంటే మచ్చ. మాస్కు తీసేస్తే తీవ్ర గాయం అవ్వచ్చని అందరికీ తెలుసు. అప్పుడు "వాడే ఒప్పుకున్నాడు సార్" అన్నా ఆ గొడుగు పనిచెయ్యదు.

బస్ స్టాప్ దగ్గర పెద్దాయన ఏ ఆటకీ ఒప్పుకోలేదు. ఆట జరుగుతోందని కూడా ఆయనకి తెలియదు. "ప్రాంక్ అంకుల్, కెమెరా అదిగో" అని తర్వాత చెప్తే అది సమ్మతి అవ్వదు, సారీ అవుతుంది. సారీ కేసు తీవ్రత తగ్గించొచ్చేమో గానీ, జరిగినదాన్ని అన్‌డూ చెయ్యదు.

మనకి తెలిసిన పోలిక హోళీ. పండగ ముందు హైదరాబాద్ పోలీసులు ఏటా ఆదేశాలు ఇస్తారు. ఇష్టం లేని వ్యక్తుల మీద, వాహనాల మీద, రోడ్ల మీద రంగులు, రంగు నీళ్ళు చల్లకూడదని వాటి సారాంశం. వీటికి ఆధారం నిజాం కాలం నాటి హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టం, 1348 ఫస్లీ. పండగ రోజున, చేత్తో చల్లే రంగుకే ఒప్పుకోలు కావాలంటే, మామూలు రోజున గంటకి 300 కిలోమీటర్ల వేగంతో వచ్చే రంగు గురించి వేరే చెప్పాలా?

మా ప్రోమో సంగతి ఇక్కడే చెప్పేస్తాను. రోడ్డు ఐడియా పక్కన పెట్టాం. ఒక పెయింట్‌బాల్ గ్రౌండ్‌లోనే, వాళ్ళ గన్స్‌తో, వాళ్ళ రూల్స్‌తో, మాస్కులతో తీశాం. మాస్కుల వల్ల ఎవరి మొహం ఎవరిదో తెలియట్లేదని కొంచెం గొడవ జరిగింది. హెల్మెట్ల మీద పేర్లు రాసి సర్దుకున్నాం.

విదేశాలకి వెళ్ళే సీనియర్లకి

ఎమ్మెస్‌కి వెళ్ళేవాళ్ళు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఆట ఒకటే అయినా చట్టాలు ఒకటి కాదు.

బ్రిటన్‌లో 1968 నాటి ఫైరార్మ్స్ చట్టం సెక్షన్ 19 ప్రకారం సరైన కారణం లేకుండా పబ్లిక్ ప్లేసులో ఎయిర్ వెపన్ దగ్గర ఉంచుకోవడమే నేరం. గుళ్ళు నింపారా లేదా అన్నది అనవసరం. 2003లో నకిలీ తుపాకుల్ని కూడా ఈ సెక్షన్‌లో కలిపారు. అంటే "ఇది నిజమైంది కాదు" అన్నా తప్పించుకోలేం. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం పెయింట్‌బాల్ కోసమే 2018లో విడిగా ఒక చట్టం చేసింది. ఒక ఆట పేరు మీద చట్టం ఉండటం నాకు కొత్తగా అనిపించింది.

అమెరికాలో రాష్ట్రానికో రూలు, సిటీకో రూలు. బొమ్మ తుపాకుల గొట్టం చివర నారింజ రంగు ఉండాలని ఫెడరల్ చట్టం చెప్తుంది. కానీ గాలితో పేలే పెయింట్‌బాల్ గన్స్‌ని అదే చట్టం ఆ నియమం నుంచి మినహాయించింది. దాంతో దూరం నుంచి చూసేవాడికి అది బొమ్మ అని తెలిపే గుర్తు ఏదీ ఉండకపోవచ్చు. కాలిఫోర్నియాలో నకిలీ తుపాకీని పబ్లిక్ ప్లేసులో బయటకి కనిపించేలా ప్రదర్శించడమే నేరం.

అక్కడ ఇంత పట్టింపు ఎందుకో 2014 నవంబర్ 22న క్లీవ్‌లాండ్‌లో జరిగింది చెప్తుంది. టమీర్ రైస్ అనే 12 ఏళ్ళ పిల్లవాడు పార్కులో ఎయిర్‌సాఫ్ట్ బొమ్మ తుపాకీతో ఆడుకుంటున్నాడు. దాని నారింజ రంగు చివర లేదు. ఎవరో పోలీసులకి ఫోన్ చేశారు, బహుశా అది నకిలీదే అని కూడా చెప్పారు. ఆ మాట వచ్చే పోలీసులకి చేరలేదు. కారు ఆగిన రెండు సెకన్లలోపే కాల్చారు. మర్నాడు ఆ పిల్లవాడు చనిపోయాడు. తప్పు ఎవరిదన్న దాని మీద అమెరికాలో చాలా పెద్ద చర్చ జరిగింది, నల్లజాతి పిల్లల్ని పోలీసులు చూసే తీరు మీద కూడా. ఆ చర్చలో ఎటువైపు నిలబడ్డా ఒక నిజం మారదు. చేతిలో ఉన్నది బొమ్మ అని పట్టుకున్నవాడికి తెలుసు, చూసేవాడికి తెలియదు.

ఆడాలనుకుంటే ఎలా?

ఇదంతా చదివి పెయింట్‌బాల్ ఆడొద్దు అనుకోకండి. బాగుంటుంది, ఆడండి. నాలుగు విషయాలు చాలు.

కంచె ఉన్న, నిర్వాహకులు ఉన్న చోటే ఆడండి. అక్కడి గన్ గేటు దాటి బయటకి రాకూడదు. మాస్కు గ్రౌండ్‌లో ఉన్నంతసేపూ మొహం మీదే ఉండాలి, ఆవిరి పట్టినా, చెమట పట్టినా సరే. పెయింట్‌బాల్ కోసం చేసిన మాస్కే కావాలి, బైక్ కళ్ళజోడు, ల్యాబ్ గాగుల్స్ చాలవు. ఆట ఆగిన వెంటనే గొట్టానికి కవరు తొడిగించండి. ఫ్రీగా దొరికిందని ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గరో గన్ కొనేసి హాస్టల్ రూములో పెట్టుకోకండి. విమానంలో చేతి సంచిలో బొమ్మ తుపాకీ కూడా ఒప్పుకోరు, ఇది అసలే ఒప్పుకోరు.

షార్ట్ ఫిల్మ్‌లు తీసే మిత్రులు నకిలీ తుపాకీతో బయట షూటింగ్ చెయ్యాల్సి వస్తే ముందు స్థానిక పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా అనుమతి అడగండి. స్పాట్‌లో అందరికీ కనిపించేలా "షూటింగ్ జరుగుతోంది" అని బోర్డు పెట్టండి, షాట్ లేనప్పుడు వస్తువుని బ్యాగులో పెట్టెయ్యండి. ఇది చట్టం కోసం మాత్రమే కాదు. అటుగా వెళ్ళే ఒక అమ్మమ్మ గుండె కోసం కూడా.

సెక్షన్ నంబర్లు పరీక్ష అయ్యాక సిలబస్ మర్చిపోయినట్టు మర్చిపోవచ్చు, ఫర్వాలేదు. ఒక్క కండిషన్ గుర్తుంటే చాలు. ఎదుటి మనిషి కూడా ఈ ఆటలో ఉన్నాడా? ఉంటే మాస్కు పెట్టుకుని మొదలుపెట్టండి. లేకపోతే ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీసెయ్యండి.